ఆరిన నేల, ఎండిన నేల
(ఆదికాండం 6–9 అధ్యాయాల జలప్రళయ కథకు పదవ్యాఖ్య)

మా మామ్మకి చదువు రాదు. సాయంత్రం దీపాలు పెట్టాక నాచేత పరిశుద్ధ గ్రంథం చదివించుకొనేది. ఒకరోజు నోవహు కథ ఆరో అధ్యాయం దాటి ఏడులోకి రాగానే చెయ్యెత్తి ఆపింది. "ఉండ్రా నాన్నా. ఇందాక రెండేసి అన్నాడు కదా, ఇప్పుడు ఏడంతాడేటి?" నాకు జవాబు తెలీలేదు. మర్నాడు ఒక పెద్దాయన్ని అడిగితే, అలాంటివి అడగడం విశ్వాసానికి మంచిది కాదన్నాడు. వచ్చి మామ్మకి చెప్పాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "సదూకున్నోలు అడక్కపోతే మరెవులు అడుగుతారు?" అంది.

ఈ వ్యాఖ్య ఆవిడ అడిగినదానికి జవాబు. నాగావళి ఒడ్డున పుట్టి, వరద ఎలా వస్తుందో ఎలా పోతుందో చూసినవాడిగా రాస్తున్నాను. నా పద్ధతి ఒక్కటే: తగువున్న చోట మాట దగ్గర ఆగడం. కొన్ని తగువులు మాట అర్థమైతే తీరిపోతాయి. కొన్ని తీరవు. తీరనివాటిని తీరినట్టు చూపిస్తే గ్రంథానికీ మర్యాద కాదు, అడిగినవాళ్లకీ మర్యాద కాదు.

తెలుగు మాటల దగ్గర ఆగడానికి ఇంకో కారణం ఉంది. ఈ గ్రంథాన్ని తెలుగు చేసే పనికి మన తీరంలోనే గట్టి పునాది పడింది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ దేగ్రాంజ్ విశాఖపట్నంలో దిగారు. ఆనందరాయర్ అనే పండితుడు తోడై సువార్తల అనువాదం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, దేగ్రాంజ్ 1810లో చనిపోయారు. వాళ్ల మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ తర్వాత ఎన్నో చేతులు మారితే గాని ఇప్పుడు మన చేతిలో ఉన్న గ్రంథం తయారు కాలేదు. దాని క్రియాపదాలు గ్రాంథికమే, కానీ నామవాచకాలు చాలావరకు పల్లెవి: తూము, మూర, పోతు, పెంటి, ఊట. ఈ కథకి అవే తాళంచెవులు.

దేవుడు, యెహోవా

హీబ్రూలో మొదటిది ఎలోహీం, రెండోది యహ్వే. ఈ నాలుగు అధ్యాయాల్లో ఒకచోట ఒక పేరు, ఇంకోచోట ఇంకో పేరు. 7:16లో అయితే ఒకే వాక్యంలో రెండూ వస్తాయి: ఆజ్ఞ ఇచ్చింది దేవుడు, తలుపు మూసింది యెహోవా. 1753లో జాన్ ఆస్ట్రూక్ అనే ఫ్రెంచి వైద్యుడు ఈ తేడాని పట్టుకుని, మోషే ముందు రెండు పాత కథనాలు ఉండి ఉంటాయని పుస్తకం వేశాడు. పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్ పండితులు, ముఖ్యంగా వెల్‌హౌజెన్, దాన్ని సిద్ధాంతంగా నిలబెట్టారు.

పేరు మారినంత మాత్రాన రచయిత మారాడనడం నాకు ఒప్పుదల కాదు. శ్రీముఖలింగంలో అదే స్వామిని ఒకరు మధుకేశ్వరుడంటారు, ఇంకొకరు ముఖలింగేశ్వరుడంటారు. ఒక్క భక్తుడే రెండూ అంటాడు. అయితే ఇక్కడ పేరొక్కటే మారడం లేదు. యెహోవా అని ఉన్నచోట ఏడు, నలువది దినాలు, వాన, బలి వస్తాయి. దేవుడు అని ఉన్నచోట రెండు, నూట ఏబది దినాలు, ఊటలు, నెల తేదీలు వస్తాయి. పేరుతోపాటు సామాను కూడా మారుతుంటే, రెండు ఇళ్లనుంచి వచ్చిన సామానని అనుకోవడం తప్పేమీ కాదు. ఇంకో పక్షం కూడా ఉంది. ఉంబెర్తో కస్సూతో, 1978లో గోర్డన్ వెన్‌హమ్ ఈ కథ మొత్తాన్ని అద్దంలా మడతపెట్టి చూపించారు. ఏడు రోజులు, నలభై, నూటయాభై అని ఎక్కి, మళ్లీ నూటయాభై, నలభై, ఏడు అని దిగుతుంది. సరిగ్గా మధ్యలో దేవుడు నోవహును జ్ఞాపకం చేసుకున్న మాట (8:1) ఉంటుంది. ఆ అమరికని నేను కాదనను. రెండు కథనాలున్నా, వాటిని కలిపినవాడు చేయితిరిగినవాడు కాకూడదని లేదుగదా.

ఓడ

హీబ్రూ మాట తేబా. ఇది ఓడకి మాట కాదు. గ్రంథం మొత్తంలో రెండే చోట్ల వస్తుంది: ఇక్కడ, నిర్గమకాండంలో పసివాడైన మోషేని నదిలో వదిలిన బుట్ట దగ్గర. అక్కడ తెలుగువాళ్లు పెట్టె అన్నారు, ఇక్కడ ఓడ అన్నారు, అందువల్ల ఆ బంధం తెలుగులో తెగిపోయింది. పొడవు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30. మోచేతినుంచి వేలికొన దాకా మూర. పూలమ్మే ఆవిడ చేత్తో కొలిచే మూరే. సుమారు 135 మీటర్ల పొడవు. చుక్కాని లేదు, తెరచాప లేదు, తెడ్డు లేదు. తెప్ప నడిపే మన మత్స్యకారుడు దీన్ని చూస్తే నడిపే వస్తువు అనడు, తేలే వస్తువు అంటాడు. ఎటు పోవాలో నోవహు చేతిలో లేదని ఆ మాటలోనే ఉంది.

రెండేసి, ఏడేసి

మామ్మ ప్రశ్న ఇది. 6:19లో ప్రతి జాతిలో రెండు. 7:2లో పవిత్ర జంతువుల్లో ఏడు. 7:9లో మళ్లీ పవిత్రమైనవి కూడా రెండేసి చొప్పునే లోపలికి వచ్చాయి.

మొదట భాష చూద్దాం. చొప్పున అని చెప్పడానికి హీబ్రూ ఆ అంకెనే రెండుసార్లు అంటుంది: రెండు రెండు, ఏడు ఏడు. తెలుగు చెవికి ఇది పరాయిగా వినిపించదు. మనం ఇద్దరిద్దరు, ముగ్గురు ముగ్గురు, ఒక్కొక్కటి అంటాం. కాబట్టి 7:9లోది లెక్క కాదు, వచ్చిన తీరు, జంటలు జంటలుగా వచ్చాయని అర్థం. పెళ్లికి వంద మంది వచ్చినా ఇద్దరిద్దరుగా వచ్చి అక్షింతలు వేశారంటాం. ఆ చిక్కు అంతటితో విడిపోయింది. 7:2లో ఏడు జంతువులా, ఏడు జంటలా అన్నది ఇంకో సందేహం. తెలుగు గ్రంథం పోతులు ఏడు, పెంటులు ఏడు అని జంటల పక్షమే తీసుకుంది. మగదీ దాని ఆడదీ అన్న మాట హీబ్రూలోనే ఉంది కాబట్టి నాకూ అదే సరి అనిపిస్తుంది.

ఇంక 6:19. ముందు మొత్తానికి జంటగా తెమ్మని చెప్పి, తర్వాత పవిత్రమైనవాటికి మాత్రం వివరం చెప్పాడని పాత వ్యాఖ్యాతలు సమాధానం చెప్పారు. ఇంటి పెద్ద ముందు "అందరికీ బట్టలు తే" అని, సంతకి బయల్దేరేటప్పుడు "ఆడపిల్లకి రెండు జతలు" అన్నట్టు. ఇది పనికిరాని సమాధానమేమీ కాదు.

కానీ 8:20 దాకా చదివితే ఇంకొకటి కనబడుతుంది. బయటికి వచ్చాక నోవహు బలిపీఠం కట్టి పవిత్రమైన ప్రతిదానిలో బలి ఇస్తాడు. జంటే ఉంటే, బలి ఇచ్చిన క్షణంలో ఆ జాతి అక్కడితో ఆఖరు. అంటే ఏడు అన్న కథనానికి బలి ఉంది కాబట్టి ఏడు కావాలి. రెండు అన్న కథనంలో బలి ఊసే లేదు, అందుకు రెండు చాలు. ఎవరి లెక్క వాళ్లకి సరిగ్గా సరిపోయింది. రెండూ పక్కపక్కన పెట్టినప్పుడే తగువు. దీన్ని నేను లోపమని అనలేను. కలిపినవాడు ఒక అంకెని చెరిపేస్తే ఎవరికీ తెలిసేది కాదు. చెరపలేదు. తనకి అందిన రెండు మాటల్లో ఏదీ తన సొంతం కాదని అనుకున్నవాడే అలా చేస్తాడు. మామ్మకి నేను చెప్పాల్సిన జవాబు అదే. అప్పటికి నాకు తెలీదు.

పవిత్ర అన్న మాట మీద ఒక్క మాట: ఏ జంతువు పవిత్రమో చెప్పే చట్టం లేవీయకాండం 11లో, మోషే కాలంలో వస్తుంది. నోవహుకి ఎలా తెలుసు? చట్టానికి ముందే ఆచారం ఉంటుంది. దీనిమీద ఇంతకన్నా అక్కర్లేదు.

ఆకాశపు తూములు

హీబ్రూ మాట అరుబ్బోత్. హోషేయలో పొగ పోయే గూడుకీ, యెషయాలో పావురాలు దూరే గూటి కన్నాలకీ ఇదే మాట. ఇంగ్లీషువాళ్లు కిటికీలన్నారు. తెలుగు అనువాదకుడు తూములన్నాడు. ఎవరన్నారో గాని, చెరువు గట్టు మీద నడిచినవాడే ఆ మాట అంటాడు.

చెరువు తూము దగ్గర నిలబడి చూసినవాళ్లకి తెలుసు. గట్టు లోపల నీరు కదలకుండా ఉంటుంది. కన్నానికి బిగించిన బిరడా పైకి లాగగానే ముందు ఒక గుటక లాంటి చప్పుడు, ఆ వెనక బురద రంగు నీరు, ఆ తర్వాత పట్టు దొరకని ధార. నీరు కొత్తగా ఎక్కడినుంచో రాలేదు, అక్కడే ఆగి ఉంది. ఆగి ఉన్నదాన్ని వదిలారు. ఆదికాండం మొదటి అధ్యాయంలో పైన నీళ్లు, కింద నీళ్లు, మధ్యలో విశాలం అని సృష్టిని చెప్పినవాడి ఊహ ఇదే. ప్రళయమంటే వాన ఎక్కువ కురవడం కాదు, సృష్టికి కట్టిన గట్టు తెగడం. పైన తూములు, కింద మహాగాధపు ఊటలు, రెండూ ఒక్కరోజే తెరుచుకున్నాయి (7:11). వెంటనే 7:12లో మాత్రం నలభై రోజుల వాన అంటుంది. గట్టు తెగడమని ఒకరు, వాన అని ఒకరు. వాన అన్నవాడు మబ్బు కేసి చూశాడు, తూములన్నవాడు మబ్బు వెనక్కి చూశాడు.

నలువది, నూట ఏబది

ఎక్కువమంది విరోధమని పట్టుకునే చోటు ఇది. ప్రళయం నలభై రోజులా (7:17), నూటయాభై రోజులా (7:24)?

శ్రీకాకుళంలో ఉన్నవాడికి ఇందులో సగం చిక్కే కాదు. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టినవే. మన మీద చినుకు లేకుండా ఎండ కాస్తుండగా పాలకొండ, ఆమదాలవలస దిక్కున నది ఎర్రగా ఉబ్బుతుంది. పైన కురిసిన వాన కిందికి రావడానికి దాని టైము దానికి కావాలి. 1980 సెప్టెంబరు వంశధార వరదని చూసిన పెద్దవాళ్లు, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటాక నదుల్ని చూసినవాళ్లు, వాన ఆగిన రోజుని వరద ఆగిన రోజని ఎన్నడూ అనరు. వాన కురిసిన లెక్క ఒకటి, నీరు నిలిచిన లెక్క ఒకటి. నలభై మొదటిది, నూటయాభై రెండోది.

మిగిలిన సగం చిక్కు 8:2లో ఉంది. నూటయాభై రోజుల మాట అయిపోయాక ఊటలు, తూములు మూతపడ్డాయని, వాన ఆగిందని అక్కడ చెబుతుంది. వాన నలభయ్యో రోజునే ఆగితే మళ్లీ ఇక్కడ ఆగడం ఏమిటి? వెనక్కి వెళ్లి చెప్పాడనవచ్చు. మన కథలు చెప్పేవాళ్లూ అలా వెనక్కి వెళ్తారు. నాకు మాత్రం ఇక్కడ రెండు కథనాల కుట్టు కనబడుతోంది.

ఇక నూటయాభై రోజుల లెక్క. రెండో నెల 17న మొదలు, ఏడో నెల 17న ఓడ నిలిచింది. అయిదు నెలలు, 150 రోజులు, అంటే నెలకి సరిగ్గా 30. చంద్రుణ్ణి బట్టి నెలలైతే అయిదు నెలలకి 147 లేదా 148 రోజులే వస్తాయి. పంచాంగం తెలిసినవాళ్లకి చప్పున తిథులు గుర్తొస్తాయి: మన నెలకి ఎప్పుడూ 30 తిథులే. ముచ్చటగా కుదిరింది గాని, హీబ్రూవాళ్లకి తిథుల లెక్క లేదు కాబట్టి ఆ సమాధానం మనది కాదు.

ఈ లెక్కతో మనకంటే రెండు వేల ఏళ్లు ముందు కుస్తీ పట్టినవాళ్లున్నారు. మృత సముద్రం పక్కన కుమ్రాన్ గుహల్లో దొరికిన చుట్టల్లో ఆదికాండానికి ఒక వ్యాఖ్య ఉంది. వాళ్ల సంవత్సరానికి 364 రోజులు. ఆ క్యాలెండర్ ప్రకారం 17నుంచి 17కి 152 రోజులు వస్తాయి. ఆ వ్యాఖ్యాత జంకలేదు. నూటయాభై రోజులయ్యాక నీళ్లు రెండు రోజులు తగ్గాయని, ఆ మర్నాడు ఓడ నిలిచిందని వారాలతో సహా రాశాడు. విశ్వాసం ఉన్నవాడే కూర్చుని వేళ్లు మడిచి లెక్క కట్టాడు. అలాంటి ప్రశ్న విశ్వాసానికి చేటు అన్న పెద్దాయన ఆ చుట్ట చూసి ఉంటే బాగుండేది.

భూమి

హీబ్రూ ఏరెత్స్. లోకమనీ అర్థం, దేశమనీ అర్థం, కాళ్లకింది నేలనీ అర్థం. భూగోళమంతా మునిగిందా, ఒక దేశం మునిగిందా అన్న తగువు ఈ మాట మీదే నడుస్తుంది. తెలుగు భూమి కూడా అలాంటిదే. భూమి గుండ్రంగా ఉందంటాం, నాకు రెండెకరాల భూమి ఉందంటాం. యోసేపు కథలో ధాన్యం కోసం భూమంతా ఐగుప్తుకి వచ్చిందంటే (41:57) ఎవరూ భూగోళమని అనుకోరు. కాని 7:19లో ఆకాశమంతటి కింద ఉన్న గొప్ప పర్వతాలని ఉంది. ఒక్క ఏరెత్స్ మాటతో ఆ వాక్యాన్ని చిన్నది చేయడం కుదరదు. చెప్పినవాడు తనకి తెలిసిన లోకమంతా అనే చెప్పాడు. ఆ లోకం ఎంత దాకా ఉందన్నది మనం అడిగే ప్రశ్న, అతనిది కాదు.

కొండల శిఖరాలు

ఏడో నెల 17న ఓడ అరారాతు కొండల మీద నిలిచింది (8:4). కొండల శిఖరాలు కనబడింది పదో నెల మొదటి రోజున (8:5). కనబడని కొండ మీద ఓడ ఎలా నిలుస్తుంది?

కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే చోట పడవ వేసేవాళ్లని అడగండి. ఇసుక మేట కంటికి కనపడదు, అడుగుకి తగులుతుంది. నీటికింద ఎంత లోతుకి పడవ దిగి ఉందో అంత లోతులో నేల ఉంటే చాలు, పడవ ఆగిపోతుంది. పదకొండో శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రషీ ఈ రెండు తేదీల మధ్య నీరు తగ్గిన లెక్క కట్టి, ఓడ 11 మూరలు నీటిలో మునిగి ఉండేదని తేల్చాడు. విరోధమని అనుకున్నదాన్నుంచి ఓడ ఎంత మునిగిందో రాబట్టాడు.

కాకి, నల్ల పావురము

నేల ఎండేదాకా కాకి ఇటూ అటూ తిరిగింది (8:7). పావురానికి మాత్రం కాలు మోపే చోటు దొరకలేదు (8:9). కాకికి దొరికింది పావురానికి ఎందుకు దొరకలేదు? కాకికి పీనుగైనా తిండే, తేలే దుంగైనా చోటే. పావురం శుభ్రమైన నేల వెతుకుతుంది. హీబ్రూలో పావురానికి రంగు లేదు. తెలుగువాళ్లు నల్ల అని చేర్చారు. మన చర్చి గోడల మీద ఓలీవ కొమ్మతో కనబడేది మాత్రం తెల్ల పావురమే.

నేల జాడకి పక్షిని వదలడం మన తీరానికి కొత్త కాదు. పాళీ బౌద్ధ గ్రంథాలు నావికులు ఒడ్డు కనిపెట్టే పక్షిని వెంట తీసుకెళ్లేవారని చెబుతాయి. బావేరు జాతకంలో వర్తకులు ఒక కాకిని బావేరుకి, అంటే బబులోనుకి, తీసుకెళ్తారు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద స్తూపాలు కట్టిన కాలంలో కింద నదిలో ఓడలు ఎక్కినవాళ్లకి ఆ కథ తెలిసి ఉండవచ్చు. ఇటు బబులోను పలకల్లో గిల్గమేషు కథలోనూ పావురం, వానకోవెల, కాకి వరసగా ఎగురుతాయి. 1872లో జార్జి స్మిత్ ఆ పలక చదివి లండన్‌లో వినిపించినప్పుడు నోవహు కథకి పాత చుట్టం ఉందని లోకానికి తెలిసింది. ఆ కథలో వాన ఆరు పగళ్లు, ఏడు రాత్రులే.

ఆరిన నేల, ఎండిన భూమి

మొదటి నెల మొదటి రోజున నోవహు కప్పు తీసి చూస్తే నేల ఆరి ఉంది (8:13). రెండో నెల 27న భూమి ఎండి ఉంది (8:14). ఒకసారి ఆరిపోయింది మళ్లీ ఎలా ఆరుతుందని అడుగుతారు. ఇంగ్లీషులో రెండు చోట్లా ఒకే మాట పెట్టేవాళ్లున్నారు కాబట్టి అక్కడ ఈ ప్రశ్న న్యాయమే. హీబ్రూలో రెండు మాటలు: ఖారబ్, యాబేష్. తెలుగు అనువాదకుడు రెండింటినీ దక్కించుకున్నాడు. ఆరడం వేరు, ఎండడం వేరు.

వరద తీసిన పొలంలోకి దిగినవాళ్లకి ఇది పాఠం చెప్పక్కర్లేదు. నీరు పోయిన మూడో రోజుకి పైన పెచ్చు కడుతుంది. దూరంనుంచి చూస్తే బూడిద రంగులో, అక్కడక్కడ చీలి, ఆరినట్టే ఉంటుంది. కాలు పెడితే పెచ్చు విరిగి, మడమ దాకా చల్లగా దిగిపోతుంది. కాలు లాగితే చప్పుడు చేసి వదులుతుంది. అది ఆరిన నేల. దుక్కికి పనికొచ్చేది, పశువు నడిచినా దిగబడనిది ఎండిన నేల. ఆ రెండింటికీ మధ్య రైతు గట్టు మీద నిలబడి చూస్తూ ఉంటాడు. నోవహు కూడా కప్పు తీసి చూశాడు గాని, దేవుడు బయటికి రమ్మనేదాకా, దాదాపు రెండు నెలలు, దిగలేదు.

17న మొదలై మరుసటి ఏడు 27న ముగియడం మీద ఒక పాత సమాధానం ఉంది. చంద్రుడి సంవత్సరం 354 రోజులు, దానికి 17నుంచి 27 దాకా, రెండూ కలుపుకొని, 11 కలిపితే 365, సూర్యుడి సంవత్సరం. ఆ 11 రోజుల తేడా పోగయ్యే మనకి అధిక మాసం వస్తుంది కాబట్టి తెలుగు ఇంట ఈ లెక్క పెద్దవాళ్లకి నోటికి వచ్చు. సమాధానం అందంగా ఉంది. కాని పైన చూసిన 30 రోజుల నెలకి ఇది పొసగదు. గ్రీకు అనువాదంలో ప్రళయం 27న మొదలై 27న ముగుస్తుంది. అక్కడ ఈ ప్రశ్నే లేదు. ఎవరో ఎప్పుడో సరిచేసి ఉండాలి. సరిచేయని హీబ్రూ పాఠమే నాకు నమ్మదగినదిగా కనబడుతుంది.

సంతాపము, ఎందుకనగా

ఆఖరికి అన్నిటికన్నా లోతైనది. 6:6లో మనుషుల్ని చేసినందుకు యెహోవా సంతాపపడ్డాడు. సంఖ్యాకాండం 23:19లో ఆయన పశ్చాత్తాపపడేవాడు కాడు. తెలుగులో రెండు మాటలు, హీబ్రూలో ఒకటే ధాతువు: నఖమ్. తెలుగు అనువాదకులు మాట మార్చి తగువు కనపడకుండా చేశారు. అక్కడ వాళ్ల పని నాకు నచ్చలేదు. నఖమ్‌లో మనసు మార్చుకోవడం ఉంది, దుఃఖం ఉంది, ఓదార్పూ ఉంది. 5:29లో నోవహు తండ్రి ఈ బిడ్డ మనకి నెమ్మది ఇస్తాడని చెప్పిందీ ఆ ధాతువుతోనే. ఓదార్పు కోసం పేరు పెట్టుకున్న బిడ్డ కాలంలోనే ఆ దుఃఖం వచ్చింది.

ఇంతకీ ప్రళయానికి కారణం ఏమిటి? మనిషి గుండెలో పుట్టే ఊహ ఎప్పుడూ చెడ్డదేనని (6:5). ప్రళయం అయిపోయాక, బలి వాసన పీల్చి, మళ్లీ భూమిని శపించనని మాట ఇచ్చాడు. దానికి చెప్పిన కారణం? మనిషి గుండె ఆలోచన బాల్యంనుంచి చెడ్డదని (8:21). ముంచడానికి ఏ కారణమో, ఇంక ముంచనన్నదానికీ అదే కారణం. హీబ్రూలో 'కీ' అన్న చిన్న మాటకి అయినప్పటికీ అన్న అర్థం కూడా చెప్పుకోవచ్చు. అలా చెబితే విరోధం పోతుంది. చాలామంది అలాగే చెప్పారు. తెలుగు గ్రంథం ఎందుకనగా అంది.

నేను ఆ ఎందుకనగానే పట్టుకుంటాను. నీళ్లు ఇంకాయి, నేల ఆరింది, ఎండింది. దిగివచ్చిన మనిషి మారలేదు. తొమ్మిదో అధ్యాయంలోనే నోవహు తాగి గుడారంలో పడి ఉంటాడు. మనిషి మారలేదు, ఆయన మారాడు. మామ్మ ఉంటే ఈ చోటు మళ్లీ ఒకసారి చదవమనేది.